ఆన్‌లైన్ క్లాసులో 84 మంది, నోరు విప్పేది నలుగురు: ఎక్కడ సరిచేయాలి?

ప్రామాణిక_విచలనం అడిగారు:

డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలకి స్టాటిస్టిక్స్ ఎలెక్టివ్. పూర్తిగా ఆన్‌లైన్, 12 వారాలు, 84 మంది. మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం 7 నుంచి 8 దాకా గూగుల్ మీట్‌లో క్లాసు. క్విజ్‌లూ చర్చలూ కాలేజీ మూడుల్‌లో (పాఠాలూ పనులూ పెట్టే వెబ్‌సైట్). దాదాపు అందరూ ఫోన్ల మీదే చూస్తారు. కొందరు షాపులో పనిచేస్తూ ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటారు.

రెండు వారాలయ్యాయి. పరిస్థితి ఇదీ. "అర్థమైందా?" అంటే చాట్‌లో "యస్ సార్" అని నాలుగు పేర్లు కనబడతాయి, ఎప్పుడూ ఆ నాలుగే. హాజరు పిలవడం అవగానే ఇరవై మంది జారుకుంటారు. ఫోరంలో "మిమ్మల్ని మీరు పరిచయం చేసుకోండి" అని పెడితే అందరూ రాశారు. పేరు, ఊరు, హాబీ క్రికెట్. ఒకరికొకరు జవాబిచ్చింది లేదు. రెండో వారం "సగటు ఉపయోగాలు చర్చించండి" అంటే 11 జవాబులు వచ్చాయి, అందులో ఏడు ఒకదానికొకటి కాపీ.

కెమెరా తప్పనిసరి చేయాలా? ఫోరంకి మార్కులు పెట్టాలా? వాట్సాప్ గ్రూప్ తెరిస్తే నయమా? ముందే చెబుతున్నా, క్లాసులు పోగా ఈ కోర్సుకి వారానికి నాలుగు గంటలే ఉన్నాయి. "ప్రతి విద్యార్థితో విడిగా మాట్లాడండి" అనే సలహా 84 మంది దగ్గర నడవదు.

ఆఖరి_బెంచీ:

మీరడిగిన మూడింటికన్నా ముందు చూడాల్సింది ఒకటుంది. గదిలో పాఠం అర్థం కాని కుర్రాడు చెయ్యెత్తి మాస్టారిని అడగడు. మోచేత్తో పక్కవాడిని పొడిచి "ఏంట్రా అది?" అంటాడు. వాడికీ తెలియకపోతే వెనక బెంచీకి తిరుగుతాడు. అక్కడా తేలకపోతేనే, ముగ్గురూ కలిసి, కాస్త ధైర్యమున్నవాడి చేత అడిగిస్తారు. మీట్‌లో ఈ మెట్లన్నీ ఎత్తేశాం. 83 మంది వింటుండగా మ్యూట్ తీసి "నాకు తెలియలేదు సార్" అనడం ఒక్కటే మిగిలింది. అంత సాహసం నలుగురికే ఉంటుంది. మిగతావాళ్లు బద్ధకస్తులేం కారు.

కాబట్టి క్లాసులో జవాబు చెప్పడం తేలిక చేయాలి, క్లాసు బయట ప్రతివాళ్లకీ ఒక పక్క బెంచీ కట్టివ్వాలి. బెంచీ కట్టడం మూడుల్ తెలిసినవాళ్లు చెబుతారు. నేను క్లాసు వరకే చెబుతా.

"అర్థమైందా?" అన్న ప్రశ్న ఇవాళే మానేయండి. అవునన్నా కాదన్నా దానివల్ల మీకు తెలిసేదేమీ లేదు. దాని బదులు ఒక అంకె అడగండి. మీ సబ్జెక్టులోనే ఒకటి:

బట్టల షాపులో నలుగురు పనివాళ్ల జీతాలు నెలకి 8, 9, 10, 11 వేలు. యజమాని 62 వేలు తీసుకుంటాడు. కొత్తగా చేరబోయే కుర్రాడు "ఇక్కడ మామూలుగా ఎంత వస్తుంది?" అని అడిగితే ఏ అంకె చెప్పాలి? 1) 20 వేలు 2) 10 వేలు 3) 54 వేలు 4) 62 వేలు.

20 సగటు, 10 మధ్యగతం (వరసలో నడిమి అంకె, సరైన జవాబు ఇదే), 54 వ్యాప్తి (గరిష్ఠంలోంచి కనిష్ఠం తీసేస్తే వచ్చేది), 62 గరిష్ఠం. ఒక్కో తప్పు జవాబు ఒక్కో పొరపాటును పట్టిచ్చేలా ఉండాలి. ఊరికే నాలుగు అంకెలు పడేస్తే ఎంతమంది తప్పారో తెలుస్తుంది గానీ ఎందుకు తప్పారో తెలియదు.

నడిపే పద్ధతి ఇలా. ముందు ప్రశ్నని చాట్‌లో పేస్ట్ చేయండి. ఫోన్‌లో చాట్ తెరిస్తే స్లైడు కనబడదు, అందుకని ప్రశ్న స్లైడు మీద మాత్రమే ఉంటే సగం మంది గుర్తున్నంత వరకే జవాబిస్తారు. ఒకసారి పైకి చదవండి. "అంకె టైపు చేసి పెట్టుకోండి, పంపొద్దు" అని 60 సెకన్లు ఆగండి. తర్వాత "ఇప్పుడు పంపండి" అనండి. జవాబులన్నీ జల్లులా ఒక్కసారే పడతాయి. అందులో ఎవరూ మొదటివాడు కాదు, ఎవరూ ఒంటరి కాదు. లెక్కపెట్టక్కర్లేదు, పైకీ కిందకీ జరిపి చూస్తే ఏ అంకె ఎక్కువో తెలిసిపోతుంది.

ఇందులో చెడేవి చెబుతా. మొదటి రెండుసార్లు కొందరు తొందరపడి ముందే పంపుతారు, వెనకాల మంద అంతా అదే అంకె పంపుతుంది. "ముందొచ్చినవి చూడను" అని ఒకసారి గట్టిగా చెబితే మూడోసారికి దారిలో పడుతుంది. రెండోది మన తప్పు: జవాబులు పడగానే సరైనది చెప్పేస్తాం. చెప్పకండి. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో ఒక పనికొచ్చే లెక్క ఉంది. సరైన జవాబు 30 శాతం లోపు వస్తే పాఠం మళ్లీ చెప్పాలి, 70 దాటితే రెండు ముక్కల్లో ముగించి ముందుకెళ్లాలి, మధ్యలో ఉంటే వాళ్లలో వాళ్లనే వాదించుకోనివ్వాలి. మీట్‌లో బ్రేకవుట్ రూములు (క్లాసుని చిన్న గుంపులుగా విడదీసేవి), పోల్స్ డబ్బు కట్టే ఎడిషన్లలోనే ఉంటాయి. కాలేజీలకి ఉచితంగా వచ్చేదాంట్లో ఉండవు కాబట్టి చాట్‌తోనే కానివ్వండి: "2 అన్నవాళ్లు, 1 అన్నవాళ్లని ఒప్పించేలా ఒక్క వాక్యం రాయండి. తెలుగైనా, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగైనా సరే." 90 సెకన్లు. మళ్లీ ఓటు. అప్పుడు చెప్పండి జవాబు.

ఇక ఆగడం సంగతి. ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారని, దాన్ని మూడు సెకన్లకి పెంచితే పిల్లల జవాబులు పొడవూ నాణ్యతా రెండూ పెరుగుతాయని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపించింది. అది గదిలో లెక్క. ఆన్‌లైన్‌లో మాట చేరడానికి కొంత, మ్యూట్ బటన్ వెతకడానికి కొంత, ఇంట్లో టీవీ సౌండు తగ్గించమని చెప్పడానికి కొంత. నోటితో జవాబు కావాలంటే 15 సెకన్లు ఆగాల్సిందే. గడియారం చూసుకుంటూ ఆగండి, లేకపోతే ఐదో సెకనుకే మీరే జవాబు చెప్పేస్తారు.

గంటలో ఇలాంటివి నాలుగు. ఒక్కోటి ఐదు నిమిషాలు తింటుంది, అంటే 20 నిమిషాలు పోయినట్టే. ఆ మేరకు పాఠం వీడియోలోకి వెళ్లాలి. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదిక కోర్సుల్లో 69 లక్షల వీడియో సెషన్లు పరిశీలించి 2014లో వేసిన పేపర్ ప్రకారం, వీడియో ఎంత పొడవున్నా మధ్యస్థంగా చూసేది ఆరు నిమిషాలకి మించదు. గంట రికార్డింగ్ అలాగే పడేసి "చూసి రండి" అంటే ఎవరూ చూడరు. ఆరేడు నిమిషాల ముక్కలు రెండు చాలు, ముక్క చివర లెక్క ఒకటి.

హాజరు. 84 పేర్లు, పేరుకి నాలుగు సెకన్లు వేసుకున్నా ఐదున్నర నిమిషాలు. అదీ క్లాసు మొదట్లో, పిల్లలు కాస్త చురుగ్గా ఉండే సమయంలో. పిలవడం మానేసి 7:57కి గూగుల్ ఫామ్ లింకు ఇవ్వండి. రోల్ నంబరు, ఇంకా ఒకే ప్రశ్న: "ఇవాళ ఎక్కడ తప్పిపోయారు?" 8:05కి ఫామ్ మూసేయండి. అసలు పని తర్వాతి క్లాసులో ఉంది. మొదటి మూడు నిమిషాల్లో ఆ జవాబుల్లోంచి మూడు, పేర్లు చెప్పకుండా, చదివి తీర్చండి. రాసింది ఎవరైనా చదువుతున్నారని తెలిస్తేనే రాస్తారు. రెండు వారాలు చదవకుండా వదిలేస్తే ఫామ్ నిండా "ఏమీ లేదు సార్" అనే ఉంటుంది. లింకు బయటి స్నేహితులకి వెళ్తుంది, తెలుసు. క్లాసులో ప్రాక్సీ చెప్పినట్టే అనుకుని వదిలేయండి, పోలీసు పని మొదలుపెడితే అదే పనవుతుంది.

మూడుల్_మెకానిక్:

బెంచీ మాట బాగుంది, నేనూ అదే వాడతా. 84 మందికి 14 బెంచీలు, ఒక్కో దాంట్లో ఆరుగురు. నలుగురు చాలు కదా అనిపిస్తుంది. కానీ నాలుగో వారానికి ఒకరిద్దరు మాయమవుతారు. ఆరుతో మొదలుపెడితే నలుగురు మిగులుతారు, నలుగురితో మొదలుపెడితే ఇద్దరు, ఇద్దరి మధ్య చర్చ నిలవదు.

బెంచీలు రోల్ నంబరు వరసలో వేయకండి. మూడుల్‌లో గ్రూపుల్ని ఆటోమేటిక్‌గా వేసే బటనూ వద్దు. సాయంత్రం ఆరింటికి ఖాళీగా ఉండే అమ్మాయి, రాత్రి పదింటికి షాపు కట్టేసి వచ్చే అబ్బాయి ఒక బెంచీలో పడితే ఎప్పటికీ కలవరు. పరిచయాల ఫోరం బదులు ఒక ఫామ్ పెట్టాల్సింది, ఇప్పుడైనా పెట్టొచ్చు. మూడే ప్రశ్నలు: ఇంటి నుంచి కాలేజీకి ఎన్ని కిలోమీటర్లు, నిన్న ఎన్ని గంటలు నిద్రపోయారు, రాత్రి ఏ గంట ఖాళీ (6-7, 8-9, 9-10, 10 తర్వాత). మూడో దాన్ని బట్టి బెంచీలు వేయండి. మొదటి రెండూ పేర్లు తీసేసి షీట్‌గా క్లాసుకే ఇచ్చేయండి. 84 వరసల అసలు సిసలు డేటా! దూరాల్లో ఎక్కువమంది దగ్గర్లోనూ, కొద్దిమంది చాలా దూరంలోనూ ఉంటారు గనక సగటుకీ మధ్యగతానికీ ఎడం తన్నుకొస్తుంది. పాఠ్యపుస్తకంలో మార్కుల పట్టిక కన్నా ఇది ఎక్కువ మాట్లాడిస్తుంది, ఎందుకంటే అందులో ఒక వరస తనది.

మూడుల్‌లో సెట్టింగులు. ఫోరం రకం దగ్గర ప్రశ్న-జవాబుల ఫోరం ఎంచుకోండి. తను రాసేదాకా మిగతావాళ్ల జవాబులు కనబడవు, మీ ఏడు కాపీల రోగానికి సగం మందు అదే. రాశాక కూడా వెంటనే తెరుచుకోదు, పోస్టు సవరించుకునే గడువు (మామూలుగా 30 నిమిషాలు) దాటాక తెరుచుకుంటుంది. ఇది ముందే చెప్పకపోతే "సార్ ఫోరం పనిచేయట్లేదు" అని ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి.

గ్రూప్ మోడ్ దగ్గర సెపరేట్ గ్రూప్స్ పెట్టండి, ఎవరి బెంచీ చర్చ వాళ్లకే కనబడుతుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడేది: ప్రశ్నని "ఆల్ పార్టిసిపెంట్స్"కి పోస్టు చేస్తారు. ఈ మోడ్‌లో అలా వేసిన ప్రశ్న అందరికీ కనబడుతుంది, విద్యార్థులకి జవాబిచ్చే వీలు మాత్రం ఉండదు. పోస్టు చేసేటప్పుడు అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్తే, ప్రతి గ్రూపుకీ ఒక కాపీ వేయమనే టిక్కు ఉంటుంది. అది పెట్టండి. 14 బెంచీలకీ 14 విడి చర్చలు పడతాయి.

ఇక ప్రశ్న. "సగటు ఉపయోగాలు చర్చించండి" అన్నదానికి ఒకే జవాబుంటుంది, అదీ పుస్తకంలో ఉంటుంది. మొదటివాడు రాశాక రెండోవాడికి రాయడానికేం మిగలదు, కాపీ కొట్టక ఏంచేస్తాడు? ఒక్కొక్కరి జవాబు వేరుగా ఉండి తీరాలి, ఆరుగురివీ కలిస్తేనే పని పూర్తవ్వాలి. ఉదాహరణకి మూడో వారం: మీ దగ్గరి రైతుబజారులోనో కిరాణా కొట్లోనో కిలో టమాటా ధర ఐదు రోజులు రాసుకోండి. ఒక్కొక్కరూ తమ ఐదు అంకెలు, కొన్న చోటు, రోజు పెట్టాలి. ఆరుగురివి కలిపితే 30 అంకెలు. బెంచీ మొత్తం మీద సగటు, మధ్యగతం కట్టాలి. రెండూ ఎందుకు కలవలేదో (లేదా ఎందుకు కలిశాయో) మూడు వాక్యాల్లో చెప్పాలి. ఒక ఊళ్లో ధర పక్క ఊరికి రెట్టింపుంటే "నువ్వు సూపర్‌మార్కెట్లో చూశావా?" అని అడగకుండా ఉండలేరు. చర్చ అంటే అదేగా.

గడువులు రెండు పెట్టండి. సొంత అంకెలకి గురువారం రాత్రి 9, బెంచీ లెక్కకి ఆదివారం రాత్రి 9. ఒకే గడువుంటే ఆరుగురూ ఆదివారం 8:50కి రాస్తారు, మాట్లాడుకోవడానికి పది నిమిషాలుంటుంది. పనులు వారం వారం మార్చండి: ఒకరు లెక్క కడతారు, ఒకరు సరిచూస్తారు, ఒకరు తర్వాతి మంగళవారం క్లాసులో ఒక నిమిషం చెబుతారు. పంచకపోతే ఒక్క బుద్ధిమంతురాలే 12 వారాలూ చాకిరీ చేస్తుంది.

టైపు చేయడం కష్టమైనవాళ్లకి మూడుల్ ఎడిటర్లోనే మైకు బొమ్మ ఉంటుంది, మామూలుగా రెండు నిమిషాల వరకు రికార్డవుతుంది. వాయిస్ కూడా సరేనని రాసి పెట్టండి. ఇంగ్లీషులో తప్పులొస్తాయన్న భయంతో కాపీ కొట్టేవాళ్లు, ఏఐ చేత రాయించేవాళ్లు చాలామంది. భాష మీద ఆంక్ష తీసేస్తే అందులో కొంత దానంతటదే తగ్గుతుంది.

మూడుల్ లేని కాలేజీల కోసం ఒక ముక్క: గూగుల్ క్లాస్‌రూమ్‌లో "క్వశ్చన్" అనే పని పెట్టి, విద్యార్థులు ఒకరికొకరు జవాబిచ్చుకునే టిక్కు ఆన్ చేయండి. అక్కడా తను రాశాకే మిగతావి కనబడతాయి.

మ్యూట్‌లో_ఉన్నాను:

స్టూడెంట్ వైపు నుంచి రెండే మాటలు సార్. ఒకటి, రికార్డింగ్ ఎర్రచుక్క కనబడితే ఎవరూ డౌట్ అడగరు. తప్పుగా అడిగింది సెమిస్టర్ అంతా ఉంటుంది కదా. పాఠం వరకు రికార్డు చేసి, ఆపేశానని చెప్పి, ఆఖరి పది నిమిషాలు డౌట్లకి వదలండి.

రెండు, హఠాత్తుగా పేరు పిలిచి అడగొద్దు. ఇంట్లో అందరూ ఒకే గదిలో ఉంటే, లేదా బస్సులో ఉంటే, జవాబు తెలిసినా మాట్లాడలేం, "లేడు" అని రాసేస్తారు. క్లాసుకి ముందే "ఇవాళ ఈ ఇద్దర్ని అడుగుతా" అని మెసేజ్ పెడితే రెడీగా ఉంటారు.

హాజరు_పట్టీ:

కెమెరా, మార్కులు, వాట్సాప్. ఈ మూడింటికీ ఇంకా ఎవరూ సూటిగా చెప్పలేదు.

కెమెరా తప్పనిసరి వద్దండీ. డేటా ఒక కారణమే. 64 కేబీపీఎస్ ఆడియో గంటకి దాదాపు 29 ఎంబీ. ఏ నాణ్యతలోనైనా వీడియో దానికి ఎన్నో రెట్లు తింటుంది, రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ మీద ఇంట్లో ఇద్దరు చదువుకుంటున్నారంటే అది పెద్ద విషయమే. అసలు కారణం ఇల్లు. వెనక కనబడే గోడ, మంచం, అటూ ఇటూ తిరిగే మనుషులు తోటివాళ్ల కంట పడటం పిల్లలకి నామోషీ, ఆడపిల్లలకి ఇంకా ఇబ్బంది. బలవంతం చేస్తే ఫ్యాన్‌ని చూపిస్తారు. ముఖాలు చూడాలని మీకుంటే బెంచీకి ఒకసారి చొప్పున పది నిమిషాల పలకరింపు పెట్టుకోండి. ఆరుగురే ఉన్నచోట చాలామంది అడక్కుండానే కెమెరా తీస్తారు. వారానికి రెండు బెంచీలు చూస్తే ఏడు వారాల్లో 14 అవుతాయి.

వాట్సాప్ గ్రూప్ తెరిస్తే 84 మంది ఫోన్ నంబర్లు 84 మందికీ వెళ్లినట్టే. ఆ తర్వాత ఆడపిల్లలకి వచ్చే మెసేజ్‌లకి, కాల్స్‌కి బాధ్యులెవరు? ప్రకటనల కోసమే అయితే కమ్యూనిటీ అనౌన్స్‌మెంట్ గ్రూప్ వాడండి, అందులో సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనబడవు. బెంచీలో ఆరుగురు వాళ్లంతట వాళ్లు నంబర్లు ఇచ్చుకుంటే వాళ్లిష్టం, మీరు మాత్రం ఇప్పించకండి. వాట్సాప్‌తో ఇంకో తంటా, అక్కడ అడిగిన డౌటు నాలుగు గుడ్ మార్నింగ్‌ల కింద పూడిపోతుంది. డౌట్లు మూడుల్‌లోనే, వాట్సాప్‌లో "ఫలానా చోట జవాబు పెట్టాను" అన్న లింకు మాత్రమే.

మార్కులు పెట్టండి, పోస్టుల సంఖ్యకి మాత్రం కాదు. "ఒక పోస్టు, రెండు రిప్లైలు తప్పనిసరి" అన్న నియమం వల్ల పుట్టేది "గుడ్ పాయింట్, ఐ అగ్రీ" మాత్రమే. వారానికి ఒక మార్కు, చేశారా లేదా అంతే. అంకెలు పెట్టి, బెంచీ లెక్కలో తన పని చేస్తే 1, లేకపోతే 0. సగం మార్కుల బేరాలు వద్దు. 12 వారాల్లో మెరుగైన 8 తీసుకోండి. ఎన్‌పీటెల్ (ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక) 12 వారాల కోర్సుల్లో అసైన్‌మెంట్లకి పాటించేదీ ఇదే లెక్క (12లో మెరుగైన 8), కాబట్టి పిల్లలకి కొత్త కాదు. జ్వరం, పెళ్లి, కరెంటు పోవడం లాంటి సాకులన్నిటికీ ఆ నాలుగు వారాలే సమాధానం, మీకు మినహాయింపు అర్జీలు చదివే పని ఉండదు.

ఆఖరి_బెంచీ గారితో ఒక చోట విభేదిస్తున్నా. "ఎక్కడ తప్పిపోయారు?" అన్న ఫామ్‌కి రోల్ నంబరు అడిగితే నిజం రాయరు. హాజరుకి ఒక ఫామ్, ఇబ్బందికి పేరు లేని ఫామ్ ఇంకొకటి. రెండోదాంట్లో ఈమెయిల్ సేకరించే సెట్టింగ్ ఆపి ఉందో లేదో చూసుకోండి, కాలేజీ అకౌంట్లలో ఒక్కోసారి అదే ఆన్ అయి ఉంటుంది.

ఆఖరి_బెంచీ:

ఒప్పుకుంటున్నానండీ. కాకపోతే రెండు లింకులిస్తే రెండోది ఎవరూ తెరవరు. హాజరు ఫామ్ నింపాక వచ్చే ధన్యవాదాల మెసేజ్‌లో రెండో లింకు పెడితే సరిపోతుంది.

ప్రామాణిక_విచలనం:

అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు. 14 బెంచీల చర్చలూ చదవడానికి నా నాలుగు గంటలు సరిపోతాయా? బెంచీలోంచి మాయమైనవాళ్లని ఏం చేయాలి?

మూడుల్_మెకానిక్:

సరిపోతాయి, అందరికీ విడివిడిగా జవాబివ్వాలని కూర్చోకపోతే. బెంచీకి ఒకే జవాబు. ఐదు నిమిషాల చొప్పున 14కి 70 నిమిషాలు. ఆ జవాబులో ఇద్దరి పేర్లు తప్పకుండా రావాలి, వాళ్లు రాసిన అంకె పట్టుకుని ఒక ప్రశ్న ఉండాలి: "బుధవారం ఒక్కరోజే 18 రూపాయలు తగ్గింది, ఆ రోజు సంతా?" "బాగా రాశారు" అంటే మీరు చదవలేదని అర్థం చేసుకుంటారు. వారానికి 28 పేర్లు అయితే మూడు వారాల్లో 84 మందీ ఒకసారి మీ చేత పేరు రాయించుకుంటారు. ఎవరి పేరు ఎప్పుడొచ్చిందో షీట్‌లో టిక్కు పెట్టుకోకపోతే చురుకైనవాళ్లవే మళ్లీ మళ్లీ వస్తాయి.

మిగతాది: రెండు క్లాసులకి ఎనిమిది ప్రశ్నలు రాయడం 80 నిమిషాలు, ఫామ్‌లు చూడటం 30, సోమవారం మూడు నిమిషాల ఆడియో 20 (ఈ వారం ఏముంది, పోయిన వారం ఏ బెంచీ ఏం కనిపెట్టింది), రానివాళ్లని పలకరించడం 30. మొత్తం 230 నిమిషాలు, మూడు గంటల 50 నిమిషాలు. హాజరు_పట్టీ గారి పలకరింపులు కూడా పెట్టుకుంటే ఆ వారం ప్రశ్నల్లో రెండు తగ్గించుకోండి.

మాయమైనవాళ్లు. పార్టిసిపెంట్స్ పేజీలో చివరిసారి కోర్సు తెరిచిన తేదీ ఉంటుంది, ఏడు రోజులకి పైగా రానివాళ్లని వడకట్టొచ్చు. ప్రతి సోమవారం ఆ జాబితా తీయండి. రెండో వారం నుంచే తీయాలి, ఐదో వారానికి వెనకబడినవాళ్లు సిగ్గుతో ఇక తిరిగి రారు. "మీరు రెండు వారాలుగా హాజరు కాలేదు, మార్కులు కోల్పోతారు" అని రాస్తే జవాబు రాదు. జవాబివ్వడం ఎంత సులువుగా ఉండాలంటే, ఒక అంకె నొక్కితే అయిపోవాలి:

"ఫలానా గారూ, టమాటా ధరల్లో మీ ఊరి అంకెలు లేవు, మీ బెంచీ లెక్క 25తోనే ఆగింది. 1) ఫోన్/నెట్ ఇబ్బంది 2) పని ఒత్తిడి 3) పాఠం దగ్గర ఆగిపోయాను 4) కోర్సు వద్దనుకుంటున్నాను. ఒక అంకె పంపితే చాలు."

1 అన్నవాళ్లకి ఆడియో మాత్రమే పంపండి, మూడుల్ యాప్‌లో పాఠాలు దింపుకుని నెట్ లేకుండా చూడొచ్చని చెప్పండి. ఫోరం జవాబు కూడా నెట్ లేనప్పుడు రాసి పెట్టుకుంటే తర్వాత దానంతటదే చేరుతుంది. 3 అన్నవాళ్లకి ఒకే ఒక్క ఆరు నిమిషాల వీడియో పేరు చెప్పండి, "మొదటి నుంచి చూడండి" అనకండి. 4 అన్నవాళ్లతో వాదించకండి, బెంచీలోంచి తీసేయండి.

బెంచీలో ముగ్గురే మిగిలితే ఇంకో ముగ్గురి బెంచీతో కలపండి. ఈ కలపడాలన్నీ నాలుగో వారంలోపు ఒకేసారి అయిపోవాలి. ఆ తర్వాత కుదిపితే అప్పటిదాకా కుదిరిన స్నేహాలు కూడా చెదురుతాయి.

హాజరు_పట్టీ:

మొదలుపెట్టే ముందు గ్రేడ్‌బుక్‌లో రెండు చూసుకోండి. ఫోరంలో "ఇన్ని పోస్టులు రాస్తే పూర్తయినట్టు" అన్న కంప్లీషన్ షరతుని నమ్ముకోవద్దు. అది పోస్టుల్ని లెక్కపెడుతుంది గానీ చదవదు, మిగతావాళ్ల జవాబులు చూడటానికి ఒక్క చుక్క పెట్టి వదిలేసినా పూర్తయినట్టే చూపిస్తుంది. ఆ 1, 0 మీ చేత్తోనే వేయండి.

రెండోది, 12 వారాల మార్కులూ ఒక కేటగిరీలో పెట్టి, అడుగున ఉన్న 4 వదిలేయమని సెట్ చేస్తారు కదా, అదే పేజీలో ఖాళీ గ్రేడ్లని లెక్కలోంచి తప్పించే టిక్కు ముందుగానే పెట్టి ఉంటుంది. అది తీసేయాలి. లేకపోతే ఐదు వారాలు చేసి ఏడు వారాలు కనబడని కుర్రాడికి కూడా నూటికి నూరు చూపిస్తుంది. సెమిస్టర్ చివర దాన్ని సరిచేసి మార్కులు తగ్గిస్తే వచ్చే గొడవ మామూలుగా ఉండదు.